కెర్నల్ లైబ్రరీ కోడ్‌లో చిన్న బగ్గును సరిచేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్ సోర్సులో లిబ్ అనే ఫోల్డర్ ఉంటుంది. స్ట్రింగులను కాపీ చేయడం, అంకెల అక్షరాలను సంఖ్యగా మార్చడం, జాబితాను క్రమంలో పెట్టడం, బిట్లను లెక్కపెట్టడం, డేటా చెడిందో లేదో తేల్చే సీఆర్‌సీ కట్టడం వంటి, కెర్నల్‌లో ప్రతి విభాగానికీ అవసరమయ్యే పనులు అందులో ఉంటాయి. మామూలు ప్రోగ్రాములకు దొరికే సీ లైబ్రరీ కెర్నల్ లోపల దొరకదు కాబట్టి, డ్రైవర్ రాసేవారైనా, ఫైల్‌సిస్టమ్ రాసేవారైనా ఈ ఫంక్షన్లనే పిలుస్తారు. వీటిని పరీక్షించడానికి ప్రత్యేకమైన హార్డ్‌వేర్ అక్కరలేదు. చాలా ఫైళ్లు ఒక్క పూటలో చదవదగినంత చిన్నవి. కెర్నల్‌లోకి కొత్తగా వచ్చేవారు ఇక్కడినుంచి మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

గుంటూరు బ్రాడీపేటలో ఆదివారాలు మా ఇంట్లో కూర్చుని కెర్నల్ చదివే ఇంజినీరింగ్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న, "ఏ లైను మార్చాలి సార్?" అని. ఏ లైను మార్చాలన్నది చివర తేలవలసిన సంగతి. ఆ ఫంక్షన్ తనను పిలిచేవారికి ఏమని మాట ఇచ్చింది, ఆ మాటను నమ్ముకుని కెర్నల్‌లో ఎక్కడెక్కడ ఎవరు దాన్ని పిలుస్తున్నారు అన్నది ముందు తేలాలి. లైబ్రరీ కోడ్‌లో మార్పు ఒక్క లైనే కావచ్చు, కానీ దాని ప్రభావం వందల ఫైళ్ల మీద పడుతుంది. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ సంగతి చుట్టూనే తిరుగుతుంది. ఆదేశాల పేర్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాను.

సరంజామా

ఉబుంటు గానీ, ఫెడోరా గానీ ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. జీసీసీ, మేక్, ఫ్లెక్స్, బైసన్, పైథాన్, గిట్, వేరే యంత్రాలను అనుకరించి నడిపే క్యూఈఎంయూ ఇన్‌స్టాల్ చేసుకోండి. తర్వాత కెర్నల్.ఆర్గ్ నుంచి లైనస్ టోర్వాల్డ్స్ రిపాజిటరీని క్లోన్ చేయండి. పూర్తి చరిత్రతో కలిపి అది కొన్ని గిగాబైట్లు ఉంటుంది కాబట్టి, హాస్టల్ వైఫై మీద చాలామంది చివరి కమిట్ ఒక్కటే వచ్చేలా షాలో క్లోన్ చేస్తారు. అలా చేయవద్దు. ఒక లైను ఎప్పుడు, ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం ఈ పనిలో సగం. షాలో క్లోన్‌లో ఆ చరిత్రే ఉండదు. రాత్రిపూట వదిలేసి పొద్దున చూసుకున్నా పరవాలేదు, పూర్తి క్లోనే తెచ్చుకోండి.

పూర్తి కెర్నల్‌ను కంపైల్ చేయవలసిన పని కూడా లేదు. మే నెల మధ్యాహ్నం, ఎండ 40 డిగ్రీలు దాటి కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు ఉబుంటు, ఫెడోరా వంటి పంపిణీ సంస్థల కాన్ఫిగరేషన్‌తో కంపైల్ మొదలుపెడితే ల్యాప్‌టాప్ వేడెక్కి సతాయిస్తుంది. 2020 జనవరిలో విడుదలైన 5.5 వెర్షన్ నుంచి కెర్నల్‌లో కేయూనిట్ అనే పరీక్షా చట్రం ఉంది. టూల్స్ ఫోల్డర్ కింద, టెస్టింగ్‌లో, కేయూనిట్‌లో ఉండే కేయూనిట్.పై స్క్రిప్టును రన్ అన్న ఆదేశంతో నడిపితే, అది చాలా చిన్న కాన్ఫిగరేషన్‌తో యూజర్ మోడ్ లినక్స్‌ను నిర్మించి, కెర్నల్‌ను మామూలు ప్రోగ్రాములాగా మీ టెర్మినల్‌లోనే నడిపి, పరీక్షల ఫలితాలు చూపిస్తుంది. మెషీన్ రీబూట్ చేయనక్కరలేదు. ఏది పాడైనా ఆ ప్రోగ్రామే ఆగిపోతుంది.

బగ్గు ఎక్కడ దొరుకుతుంది

దీనికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. సిజ్‌బాట్ అనే గూగుల్ వారి యంత్రం కెర్నల్‌ను నిరంతరం చిత్రవిచిత్రమైన ఇన్‌పుట్లతో కొట్టి చూసి, దొరికిన లోపాలను అందరికీ కనిపించేలా పెడుతుంది. మేక్‌కు డబ్ల్యూ=1 అని చేర్చి కంపైల్ చేస్తే మామూలుగా మూసి ఉంచే హెచ్చరికలు బయటకు వస్తాయి. ఫంక్షన్ పైన ఉన్న వ్యాఖ్యలో చెప్పినదానికీ, కింద కోడ్ చేస్తున్నదానికీ పొంతన ఉందా లేదా అని చూడటం మూడో దారి. నా లెక్కలో నేర్చుకునేవారికి ఇదే అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే ఇక్కడ యంత్రం చెప్పినదాన్ని సరిచేయడం కాకుండా మీరే ఆలోచించి పట్టుకోవాలి. వ్యాఖ్యల్లో అక్షరదోషాలు సరిచేసే ప్యాచ్‌లతో (ప్యాచ్ అంటే ఏ లైన్లు మారాయో చూపే చిన్న ఫైలు) మొదలుపెట్టమని కొందరు సలహా ఇస్తారు. పద్ధతి అలవాటు కావడానికి ఒకటి పంపితే పంపండి, దానిమీదే ఉండిపోకండి.

ఒక బగ్గును దగ్గరగా చూద్దాం

ఈ ఉదాహరణ బోధన కోసం నేను కట్టుకున్నది. కెర్నల్‌లోని అసలు ఫంక్షన్ సరిగ్గానే ఉంది. బిట్‌మ్యాప్ అంటే అన్‌సైన్డ్ లాంగ్ వర్డుల వరుస. 70 బిట్ల బిట్‌మ్యాప్‌కు 64 బిట్ల యంత్రం మీద రెండు వర్డులు కావాలి. రెండో వర్డులో మనం వాడేది 6 బిట్లు. మిగిలిన 58 బిట్లలో ఏముంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. లిబ్‌లోని బిట్‌మ్యాప్.సి ఫైలు మొదట్లో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంటుంది: చివరి వర్డులో వాడని బిట్లను సున్నాగా ఉంచే ప్రయత్నం చేయము, కానీ వాటి విలువ ఏ ఫలితాన్నీ మార్చకుండా చూస్తాము అని. ఆ ఫంక్షన్లు ఇచ్చిన మాట అది.

ఇప్పుడు ఎన్ని బిట్లు వెలిగి ఉన్నాయో లెక్కపెట్టే ఫంక్షన్ ఒకటి, అన్ని వర్డులలోని బిట్లను నేరుగా కూడేస్తోందని అనుకోండి. అన్ని బిట్లూ ఒకట్లుగా నింపిన 70 బిట్ల బిట్‌మ్యాప్ ఇస్తే, జవాబు 70 రావలసిన చోట 128 వస్తుంది. అదే 32 బిట్ల యంత్రం మీదైతే మూడు వర్డులు అవసరమవుతాయి కాబట్టి 96 వస్తుంది. బగ్గు దొరికింది.

మొదట తట్టే దిద్దుబాటు ఇలా ఉంటుంది: నిండు వర్డులన్నిటినీ కూడి, తర్వాత వర్డును శేషానికి (మొత్తం బిట్లను వర్డు వెడల్పుతో భాగిస్తే మిగిలేదానికి) సరిపడే మాస్క్‌తో, అంటే అక్కరలేని బిట్లను సున్నా చేసే సంఖ్యతో వడకట్టి దాన్నీ కూడాలి, మాస్క్ కోసం ఒకటిని శేషమంత ఎడమకు జరిపి అందులోంచి ఒకటి తీసేయాలి. 70 ఇస్తే 70 వస్తుంది. చాలామంది ఇక్కడితో ప్యాచ్ పూర్తయిందనుకుంటారు, కానీ ఇందులో ఇంకా రెండు లోపాలు దాగి ఉన్నాయి.

మొదటిది: మాస్క్‌లోని ఆ ఒకటి అన్‌సైన్డ్ లాంగ్ కాకుండా మామూలు ఇంట్ అయితే, దాని వెడల్పు 32 బిట్లే. బిట్‌మ్యాప్‌లో 104 బిట్లుండి శేషం 40 వచ్చిందనుకుంటే, 32 బిట్ల సంఖ్యను 40 స్థానాలు జరపమన్నట్టవుతుంది. సీ భాషలో దానికి నిర్వచనమే లేదు. 70తో మాత్రమే పరీక్షించినవారికి శేషం 6 కాబట్టి ఇది ఎన్నటికీ కనిపించదు.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. బిట్‌మ్యాప్ కచ్చితంగా 64 బిట్లదైతే శేషం సున్నా అవుతుంది, మాస్క్ కూడా సున్నా అవుతుంది. నిండు వర్డును కూడిన తర్వాత కోడ్ రెండో వర్డును చదివి, సున్నాతో వడకట్టి, సున్నాను కూడుతుంది. జవాబు 64, అది సరైనదే. కానీ రెండో వర్డు అసలు లేదు. మనది కాని మెమరీని చదివాము. జవాబు సరిగ్గా వస్తుంది కాబట్టి ఫలితాలను పోల్చే పరీక్ష ఏదీ దీన్ని పట్టుకోలేదు. శేషం సున్నా కానప్పుడు మాత్రమే చివరి వర్డును తాకాలన్న షరతు ఒక్కటి చేరిస్తే ఇది తీరుతుంది. మాస్క్‌ను కూడా చేత్తో కట్టకుండా, కెర్నల్‌లో ఇప్పటికే ఉన్న బిట్‌మ్యాప్ లాస్ట్ వర్డ్ మాస్క్ అనే మాక్రోను వాడాలి. అది సరైన వెడల్పుతో ఉంటుంది, చదివేవారికి ఉద్దేశం వెంటనే తెలుస్తుంది.

పిలిచేవారిని చదవడం

గిట్ గ్రెప్‌తో ఆ ఫంక్షన్ పేరును వెతికి, దొరికిన ప్రతి చోటా ముందు పది లైన్లు, వెనుక పది లైన్లు చదవండి. వందల చోట్లు ఉంటే కనీసం ఒక్కో ఉపవ్యవస్థ నుంచి కొన్నైనా చదవాలి. ప్రతి చోటా మూడు సంగతులు గమనించండి: వారు ఏమేమి పంపుతున్నారు, తిరిగి వచ్చిన విలువను ఏం చేస్తున్నారు, ఆ సమయంలో నిద్రపోవడానికి వీలున్న స్థితిలో ఉన్నారా లేక నిద్రపోకూడని స్పిన్‌లాక్ అనే తాళం పట్టుకుని ఉన్నారా. మూడోదాన్ని మరిచి, లైబ్రరీ ఫంక్షన్ లోపల, అవసరమైతే నిద్రపోనిచ్చే జీఎఫ్‌పీ కెర్నల్ జెండాతో మెమరీ అడిగితే, ఎక్కడో ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచి పిలిచేవారి దగ్గర కెర్నల్ గగ్గోలు పెడుతుంది.

తిరిగి వచ్చే విలువ సంగతి ఎంత చిక్కో చూపే నిజమైన కథ ఎస్‌టీఆర్ఎల్ కాపీది. స్ట్రింగును కాపీ చేసే ఆ పాత ఫంక్షన్ మూల స్ట్రింగు పొడవు మొత్తాన్ని తిరిగి ఇచ్చేది. అందుకోసం గమ్యంలో చోటు లేకపోయినా మూలాన్ని చివరిదాకా చదివేది. మూలానికి చివర సున్నా లేకపోతే హద్దు దాటిపోయేది. దాని బదులు 2015లో 4.3 వెర్షన్‌లో వచ్చిన ఎస్‌టీఆర్ఎస్ కాపీ, కాపీ అయిన అక్షరాల సంఖ్యను గానీ, చోటు చాలకపోతే రుణాత్మకమైన ఎర్రర్‌ను గానీ ఇస్తుంది. పేరులో ఒక్క అక్షరమే తేడా, పంపవలసినవీ అవే. కానీ వచ్చిన విలువను బఫర్ పరిమాణంతో పోల్చి స్ట్రింగు తెగిందో లేదో తేల్చుకునే చోట్ల ఆ పోలికకు అర్థమే మారిపోతుంది. అందువల్ల ఒక్కో చోటునూ విడిగా చూసి మార్చుకుంటూ రావలసి వచ్చింది. 2024లో విడుదలైన 6.8 వెర్షన్‌లో గానీ పాత ఫంక్షన్‌ను పూర్తిగా తొలగించడం కుదరలేదు.

అంకెల అక్షరాలను సంఖ్యగా మార్చే సింపుల్ ఎస్‌టీఆర్‌టీఓయూఎల్, కేఎస్‌టీఆర్‌టీఓయూఎల్ జతదీ అదే తీరు. మొదటిది ఓవర్‌ఫ్లోను (సంఖ్య పట్టనంత పెద్దదవడాన్ని) పట్టించుకోదని కెర్నల్ పత్రాలే హెచ్చరిస్తాయి కాబట్టి, కనిపించిన ప్రతిచోటా రెండోదానితో మార్చాలని ఉత్సాహం కలుగుతుంది. అయితే 10 తర్వాత కె అక్షరం ఉన్న స్ట్రింగు వస్తే, మొదటిది 10 దగ్గర ఆగి మిగిలిన భాగం ఎక్కడ మొదలవుతుందో చూపిస్తుంది. రెండోది మొత్తాన్నీ తిరస్కరిస్తుంది, చివర ఒక్క న్యూలైన్‌ను మాత్రం క్షమిస్తుంది. మిగిలిన భాగం మీద ఆధారపడి నడిచే కోడ్ ఈ మార్పుతో పాడవుతుంది.

కొన్ని లోపాలు చిన్నవిగా కనిపించినా చిన్న దిద్దుబాటుకు లొంగవు. బూట్ కమాండ్ లైనులోని మెమరీ పరిమాణాలను చదివే మెమ్‌పార్స్ ఫంక్షన్, కె, ఎం, జి మొదలుకొని ఎక్సాబైట్‌ను సూచించే ఇ వరకు ఒక్కో మెట్టుకు సంఖ్యను 10 బిట్లు ఎడమకు జరుపుతుంది. 16 పక్కన ఇ పెట్టి ఇస్తే 64 బిట్లలో పట్టక సున్నా మిగులుతుంది. ఇది తప్పు అని పిలిచినవారికి చెప్పడానికి ఆ ఫంక్షన్‌కు దారి లేదు, ఎందుకంటే అది సంఖ్యను మాత్రమే తిరిగి ఇస్తుంది. దాన్ని మార్చాలంటే కొత్త ఫంక్షన్ తెచ్చి, పిలిచేవారందరినీ ఒక్కొక్కరిగా అటు నడిపించాలి. మొదటి ప్యాచ్‌కు ఇటువంటిదాన్ని ఎంచుకోవద్దు.

ముందు పరీక్ష, తర్వాత దిద్దుబాటు

బగ్గు ఉన్న కోడ్ మీద విఫలమై, దిద్దిన కోడ్ మీద నెగ్గే పరీక్షను ముందు రాయండి. మీరు సరిచేయబోయే ఫంక్షన్‌కు ఇప్పటికే పరీక్షల ఫైలు ఉందేమో లిబ్ ఫోల్డర్‌లోనూ, దాని కింద ఉన్న టెస్ట్స్ ఫోల్డర్‌లోనూ చూడండి. ఉంటే అందులోనే ఒక సందర్భాన్ని చేర్చండి. పరీక్షకు ఎంచుకునే విలువల్లోనే పనితనం ఉంది. బిట్‌మ్యాప్‌కు 0, 1, 31, 32, 33, 63, 64, 65, 70, 104, 128 తీసుకుంటే, రెండు వెడల్పుల యంత్రాల మీదా మొదటి వర్డు హద్దుకు ఇటూ అటూ చూసినట్టవుతుంది. ఇచ్చే మెమరీని కచ్చితంగా అవసరమైనన్ని వర్డులకే కేటాయించి, వాడని బిట్లతో సహా అన్నిటినీ ఒకట్లతో నింపండి. వాడని బిట్లు సున్నాలుగా ఉంటే పాత బగ్గు కూడా పరీక్షలో నెగ్గేస్తుంది.

దిద్దుబాటు రాసేటప్పుడు బగ్గుకు అవసరమైనంతే మార్చండి. పక్కనే ఇండెంటేషన్ వంకరగా ఉన్నా, వేరియబుల్ పేరు నచ్చకపోయినా ఈ ప్యాచ్‌లో ముట్టుకోవద్దు. పాత వెర్షన్లకు ఈ దిద్దుబాటును తీసుకెళ్లేవారికి ప్రతి అదనపు లైనూ అడ్డమే. 64 బిట్ల సంఖ్యను భాగించవలసి వస్తే నేరుగా భాగహార గుర్తు వాడకుండా డివ్ యూ64 వంటి కెర్నల్ ఫంక్షన్ వాడాలి; లేకపోతే మీ యంత్రం మీద చక్కగా కంపైలై, 32 బిట్ల యంత్రం మీద లింక్ దగ్గర ఆగిపోతుంది. పెద్ద అర్రేలను స్టాక్ మీద పెట్టవద్దు, ఎక్స్86 64 బిట్ల యంత్రం మీద కెర్నల్ స్టాక్ మొత్తం కలిపి 16 కిలోబైట్లే.

నిగ్గు తేల్చడం

పరీక్షలను మామూలుగా ఒకసారి నడిపాక, కాసాన్, యూబీసాన్ అనే రెండు కాపలాదారులను ఆన్ చేసి మళ్లీ నడపండి. కాసాన్ మనది కాని మెమరీని తాకిన క్షణాన పట్టుకుంటుంది; పైన చెప్పిన 64 బిట్ల సందర్భాన్ని బయటపెట్టేది అదే. యూబీసాన్ నిర్వచనం లేని లెక్కలను పట్టుకుంటుంది. 40 స్థానాల జరుపుడు దాని కంట పడుతుంది. కేయూనిట్ స్క్రిప్టుకు ఆర్చ్ అన్న ఆప్షన్‌తో ఎక్స్86 64 అని ఇచ్చి, కావలసిన కాన్ఫిగ్‌లను కేకాన్ఫిగ్ యాడ్ ద్వారా చేరిస్తే, క్యూఈఎంయూలో ఇదంతా జరిగిపోతుంది. అదే ఆప్షన్‌కు ఐ386 ఇస్తే 32 బిట్ల మీద, మెయిన్‌ఫ్రేమ్ రకమైన ఎస్390 ఇస్తే బైట్లు తిరగేసి ఉండే బిగ్ ఎండియన్ మీద పరీక్షించవచ్చు. ఎస్390కి వేరే కంపైలర్ ప్యాకేజీ కావాలి. ఉబుంటులో అది నేరుగా దొరుకుతుంది. విజయవాడలో మామూలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మెయిన్‌ఫ్రేమ్ యంత్రం మీద కోడ్ ఎలా నడుస్తుందో చూడగలగడం నాకు ఇప్పటికీ సంతోషం కలిగించే సంగతి.

కమిట్ సందేశం

గిట్ బ్లేమ్‌తో ఆ లైను ఏ కమిట్‌లో వచ్చిందో కనుక్కోండి. కోడ్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి జరిపిన కమిట్ దగ్గరే ఆగిపోకుండా, బగ్గు నిజంగా పుట్టిన కమిట్ వరకు వెనక్కి వెళ్లాలి. ఆ కమిట్ హ్యాష్‌లో మొదటి 12 అక్షరాలూ, దాని శీర్షికా కలిపి ఫిక్సెస్ అనే లైనుగా మీ సందేశం చివర రాయాలి. పాత స్థిరమైన వెర్షన్లకు ఏ దిద్దుబాటు వెళ్లాలో తేల్చేవారికి ఈ లైను ముఖ్యమైన ఆధారం.

శీర్షిక ఎలా మొదలవ్వాలో ఆ ఫైలు మీద గిట్ లాగ్ నడిపి, పాతవారు ఎలా రాశారో చూసి అనుసరించండి. సందేశంలో మొదట లోపం ఏమిటో, అది ఎవరికి ఎలా తగులుతుందో చెప్పి, తర్వాత మీరు చేసినది చెప్పండి. 70కి 128 వస్తోందన్న ఒక్క నిర్దిష్టమైన వాక్యం, బిట్‌మ్యాప్ కోడ్‌ను మెరుగుపరిచానన్న పది వాక్యాలకన్నా విలువైనది. లైన్లు 75 అక్షరాలు దాటకుండా చూడండి.

చివర సైన్డ్ ఆఫ్ బై లైను తప్పనిసరి. ఈ కోడ్‌ను ఇచ్చే హక్కు నాకుందని మీరు ఇచ్చే ధ్రువీకరణ అది. 2004లో ఈ పద్ధతి మొదలైంది. మన పిల్లలు ఇక్కడ ఒకచోట తడబడతారు: గిట్ కాన్ఫిగ్‌లో పేరు స్థానంలో కాలేజీ రోల్ నంబరు ఉంటుంది, ఈమెయిల్‌లో ఇంటిపేరు ముందు, ప్యాచ్‌లో ఇంటిపేరు వెనుక, మరోచోట పొడి అక్షరాలు మాత్రమే. ఇంటిపేరు ముందు పెట్టినా వెనుక పెట్టినా అభ్యంతరం ఉండదు, కానీ ఒక పద్ధతి ఎంచుకుని అన్నిచోట్లా అదే ఉంచండి. పంపినవారి పేరూ సంతకం పేరూ కలవకపోతే చెక్‌ప్యాచ్ స్క్రిప్టే ఎత్తి చూపుతుంది.

పంపడం, జవాబులివ్వడం

స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని చెక్‌ప్యాచ్‌ను నడిపి హెచ్చరికలు సరిచేసుకోండి. గెట్ మెయింటెయినర్ స్క్రిప్టు ఆ ఫైలును చూసుకునే బాధ్యుడు (మెయింటెయినర్) ఎవరో, ఎవరికి పంపాలో చెబుతుంది. లిబ్‌లో ప్రత్యేకంగా ఎవరూ చూసుకోని ఫైళ్ల ప్యాచ్‌లు ఎక్కువగా ఆండ్రూ మార్టన్ అనే మెయింటెయినర్ చెట్టు (ఆయన ప్యాచ్‌లను పోగుచేసే రిపాజిటరీ) ద్వారా వెళ్తాయి. ప్యాచ్‌ను గిట్ సెండ్ ఈమెయిల్‌తోనే పంపండి. జీమెయిల్ వెబ్ పేజీలో అతికిస్తే ట్యాబులు ఖాళీలుగా మారిపోయి ప్యాచ్ పనికిరాకుండా పోతుంది. కాలేజీ నెట్‌వర్క్‌లో మెయిల్ పోర్టులు మూసి ఉంటే, బీ4 అనే సాధనం వెబ్ ద్వారా పంపే ఏర్పాటు చేస్తుంది. ముందు మీకు మీరే పంపుకుని, వచ్చినదాన్ని గిట్ ఏఎంతో అతికించి చూడటం అలవాటు చేసుకోండి.

జవాబు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. కొత్త వెర్షన్ విడుదలైన వెంటనే వచ్చే రెండు వారాల మెర్జ్ విండోలో (కొత్త మార్పులను ప్రధాన కెర్నల్‌లో కలిపే గడువులో) మెయింటెయినర్లకు ఊపిరాడదు. వారం కూడా గడవకుండా గుర్తుచేయవద్దు. వచ్చిన వ్యాఖ్య సూటిగా, ముక్తసరిగా ఉంటుంది. "గారు" అన్న మర్యాదకు అలవాటు పడిన మనకు అది కోపంలా తోచవచ్చు, కానీ అక్కడి మాట తీరే అంత. ప్రతి ప్రశ్నకూ దాని కిందే జవాబు రాయండి. ఒప్పుకోని చోట పరీక్ష ఫలితం చూపించి ఎందుకో చెప్పండి. మార్చిన ప్యాచ్‌ను రెండో వెర్షన్‌గా పంపుతూ, ఏం మారిందో మూడు గీతల కింద రాస్తే, అది కమిట్ చరిత్రలోకి చేరకుండా చదివేవారికి మాత్రం ఉపయోగపడుతుంది.

ప్యాచ్ స్వీకరించామన్న మెయిల్ వచ్చాక అది, తర్వాతి వెర్షన్‌కు వెళ్లబోయే మార్పులను కలిపి చూసే లినక్స్ నెక్స్ట్‌లో చేరిందో లేదో చూసుకోండి. ఆ తర్వాత కొన్ని రోజులపాటు కెర్నల్ టెస్ట్ రోబో నుంచి మెయిల్ వస్తుందేమో గమనిస్తూ ఉండాలి. మీరు పరీక్షించని ఏదో ఒక ఆర్కిటెక్చర్ మీద, ఏదో ఒక కాన్ఫిగరేషన్‌తో బిల్డ్ ఆగిపోయిందని చెప్పే ఆ మెయిల్‌కు కంపైలర్ వెర్షన్, కాన్ఫిగ్ ఫైలు, ఎలా తిరిగి నడపాలన్న వివరాలు జతచేసి ఉంటాయి. వాటితో మీ దగ్గర అదే లోపాన్ని రప్పించి, చూస్తున్నానని ఆ రోజే జవాబిచ్చి, దిద్దుబాటును ప్యాచ్ తీసుకున్న మెయింటెయినర్‌కు పంపండి. ఆ చెట్టులో ప్యాచ్ ఇంకా స్థిరపడకపోతే వారు దాన్ని మీ మొదటి ప్యాచ్‌లోనే కలిపేసుకుంటారు.